కథా నిక్షేపం: శరణార్థి మాట, విద్యార్థి రచన

దేశం విడిచి వచ్చిన మనిషిని కలుసుకొని, ఆ కలయిక ఆధారంగా ఒక కథో కవితో రాయమని సాహిత్య విద్యార్థులను కోరే పద్ధతి ఇటీవలి దశాబ్దాల్లో పలు దేశాల విశ్వవిద్యాలయాల్లో కనిపిస్తున్నది. పరుల బాధను ఊహించగలిగినవాడు వారి పట్ల కఠినుడు కాలేడన్న నమ్మకం ఈ పద్ధతికి పునాది. ఆ నమ్మకం ఉదాత్తమైనదే కాని, దానికంటే ముందు తేల్చుకోవలసిన ధర్మసందేహం ఒకటుంది: ఒకరు పడిన బాధ మరొకరి రచనకు వస్తువు కావడానికి అనుమతి ఎక్కడి నుంచి వస్తుంది? రచన బాగుందా లేదా అన్నది అలంకారశాస్త్రం తేల్చగలదు. ఆ రచన చేయదగినదా కాదా అన్నది మాత్రం శరణు, దానం, నిక్షేపం వంటి భావనలను శతాబ్దాలుగా విచారించిన మత, తత్త్వ సంప్రదాయాలను అడగవలసిన ప్రశ్న.

శరణార్థికి అంతర్జాతీయ చట్టం ఇచ్చిన నిర్వచనం 1951 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో ఉంది. జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయాభిప్రాయం అనే కారణాల్లో దేనివల్లనైనా హింసకు గురవుతానన్న సహేతుకమైన భయంతో స్వదేశం వెలుపల ఉండి, ఆ దేశపు రక్షణ పొందలేని లేదా పొందడానికి వెరచే వ్యక్తి శరణార్థి. ఈ నిర్వచనంలో భయం ఒక్కటే చాలదు, దానికి తగిన హేతువు ఉన్నట్లు నిరూపణ కావాలి. ప్రాణాలు దక్కించుకొని పారిపోయి వచ్చినవాడి దగ్గర కాగితాలు తరచు ఉండవు గనుక ఆ నిరూపణ భారం చాలావరకు అతని నోటిమాట మీదనే పడుతుంది. ఎక్కడ పుట్టాడు, ఏ రోజున ఇల్లు దాటాడు, కొట్టినవారు ఎందరు, వారి దుస్తుల రంగేమిటి అని అధికారి అడుగుతాడు. నెలల తరువాత మరొక అధికారి అవే ప్రశ్నలు మళ్లీ అడుగుతాడు. రెండు జవాబులు పొసగకపోతే మొత్తం కథనే అబద్ధంగా లెక్కగట్టే ప్రమాదం ఉంటుంది. బ్రిటన్‌లో శరణు పొందిన కొసావో, బోస్నియా శరణార్థుల జ్ఞాపకాలపై 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన అధ్యయనం, ఒకే సంఘటనను రెండుసార్లు చెప్పినప్పుడు తేడాలు రావడం సర్వసాధారణమనీ, ఆ తేడాలను బట్టి మనిషిని అబద్ధీకునిగా తీర్మానించడం తగదనీ చూపింది. ఏ విద్యార్థీ కలం పట్టకముందే శరణార్థి తన కథను పలుమార్లు, పరుల అవసరానికి, పరులు నిర్ణయించిన వరుసలో చెప్పి ఉంటాడన్నది ఈ చర్చ అంతటికీ ఆధారమైన విషయం. విద్యార్థి వినడానికి కూర్చునే కుర్చీలో అంతకుముందు ఒక అధికారి కూర్చుని ఉన్నాడు.

శరణు కోరి వచ్చినవాణ్ణి ప్రశ్నించవచ్చునా అన్న చర్చ భారతీయ సంప్రదాయానికి కొత్త కాదు. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో విభీషణుడు వచ్చిన ఘట్టమంతా ఆ చర్చయే. భార్యాబిడ్డలను లంకలో విడిచి, నలుగురు అనుచరులతో సముద్రపు ఉత్తర తీరానికి చేరి, ఆకాశంలోనే నిలిచి తాను రావణుని తమ్ముణ్ణని దాచకుండా చెప్పుకొన్న విభీషణుని గురించి వానర ముఖ్యులు తలొక మాట అంటారు. అతణ్ణి బంధించి వధించవలసిందేనని సుగ్రీవుడు, గుణదోషాలు పరీక్షించాలని అంగదుడు, చారుణ్ణి పంపాలని శరభుడు, శత్రువు వద్ద నుంచి కానిచోట కానివేళ వచ్చాడు గనుక శంకించవలసిందేనని జాంబవంతుడు, మెల్లగా మధురంగా ప్రశ్నించి మనసు తెలుసుకోవాలని మైందుడు చెబుతారు. హనుమంతుడు వీటిని ఒక్కొక్కటిగా ఖండిస్తూ, వచ్చీ రాగానే ప్రశ్నలకు గురి అయిన బుద్ధిమంతుడు తనను శంకిస్తున్నారని గ్రహిస్తాడనీ, నిజంగా స్నేహం కోరి వచ్చినవాడైతే ఆ కపట ప్రశ్నల వల్ల ఆ స్నేహమే చెడుతుందనీ అంటాడు. మైందుడు సూచించినది దౌర్జన్యం కాదు, మృదువైన ప్రశ్న. హనుమంతుడు తప్పుపట్టింది ఆ మృదుత్వం వెనుక దాగిన పరీక్షను. నేటి విద్యార్థి ప్రశ్నలు కూడా మృదువైనవే గనుక ఈ భేదాన్ని జాగ్రత్తగా గమనించాలి.

రాముని నిర్ణయంలోని విశేషం దాని క్రమంలో ఉంది. తన సహచరిని బంధించిన బోయవానికే ఆతిథ్యమిచ్చి స్వమాంసాన్ని అర్పించిన పావురం కథను, చేతులు జోడించిన శత్రువునైనా కాపాడాలన్న కండు మహర్షి ధర్మాన్ని ఉదహరించి, వచ్చినవాడు రావణుడే అయినా అభయమిచ్చానని ఆయన ప్రకటిస్తాడు. విభీషణుడు నేలకు దిగి పాదాల మీద వాలిన తరువాత గాని, రాక్షసుల బలాబలాలు చెప్పమని రాముడు అడగడు. ముందు అభయం, తరువాత వృత్తాంతం. ఈ క్రమం తారుమారైతే, అంటే లంక రహస్యాలు చెబితేనే రక్షణ దొరుకుతుందన్న షరతు పడితే, అది శరణాగతి కాదు, బేరం అవుతుంది. శ్రీవైష్ణవ ఆచార్యులు ఈ ఘట్టాన్ని రామాయణ హృదయంగా భావించారు. పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో జీవించిన వేదాంతదేశికులు దీని మీదనే 'అభయప్రదానసారం' అనే ప్రత్యేక గ్రంథం రచించారు. తెలుగు లోకం మాత్రం ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెతలో విభీషణుణ్ణి నేటికీ నిందిస్తూనే ఉంది. శరణు దొరికినా, ఇంటి సంగతి బయట చెప్పాడన్న అపవాదు మనిషిని విడవదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు. ఆదికావ్యం విభీషణుణ్ణి నిష్కామునిగా చిత్రించలేదన్నదీ గుర్తుంచుకోదగినది. వాలి వధను, సుగ్రీవుని పట్టాభిషేకాన్ని విని రాజ్యకాంక్షతో వచ్చి ఉంటాడని, అతణ్ణి సమర్థిస్తూనే హనుమంతుడు అంటాడు. మిశ్రమమైన ఉద్దేశాలున్న మనిషి కూడా శరణుకు అర్హుడేనన్నది ఇక్కడి గంభీరమైన భావం. శరణార్థుల గురించి విద్యార్థులు రాసే కథల్లో తరచు కనిపించే నిర్మలమైన బాధితుడు, కోపం లేనివాడు, ఆశ లేనివాడు, ఎవరినీ మోసగించనివాడు, ఈ భావానికి చాలా దిగువన నిలుస్తాడు.

అమెరికాలో జరిగిన ఒక ఉదాహరణ ఇక్కడ ఉపకరిస్తుంది. మెక్సికోలో పుట్టిన రచయిత్రి వలేరియా లూయిసెల్లి, మధ్య అమెరికా దేశాలైన గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్‌ల నుంచి పెద్దల తోడు లేకుండా సరిహద్దు దాటి వచ్చిన పిల్లలకు న్యూయార్క్ వలస న్యాయస్థానంలో స్వచ్ఛందంగా దుబాసీగా పనిచేసి, ఆ అనుభవాన్ని 2017లో ఇంగ్లీషులో వచ్చిన చిన్న పుస్తకంలో రాశారు. పిల్లలను అడగవలసిన నలభై ప్రశ్నల పత్రమే ఆ పుస్తకానికి చట్రం. అందులో మొదటి ప్రశ్న ఈ దేశానికి ఎందుకు వచ్చావని. పిల్లల జవాబులు ఆ వరుసలో రావు. అవి ముక్కలుగా, వెనుకముందులుగా, భయంతో వస్తాయి. వాటికి ఆదిమధ్యాంతాలు అమర్చడం దుబాసీకి అప్పగించిన పని. పిల్లవాని జవాబు ఎంత భయంకరంగా ఉంటే న్యాయవాది దొరికే అవకాశం అంత పెరుగుతుందన్న దారుణమైన తర్కాన్ని ఆమె దాచలేదు. ఆ కాలంలోనే ఆమె లాంగ్ ఐలాండ్‌లోని హాఫ్‌స్ట్రా విశ్వవిద్యాలయంలో బోధిస్తున్నారు. తరగతిలో ఈ విషయాలు చర్చకు రాగా, ఆ విద్యార్థులు ఒక సంఘంగా ఏర్పడి, అలా వచ్చిన కుర్రవాళ్లకు ఇంగ్లీషు నేర్పడం, వారితో కలిసి ఆటలాడటం వంటి పనులకు పూనుకొన్నారు. వారికి మొదట తోచింది కథ రాయడం కాదు, తమతో కూర్చోవడానికి చోటివ్వడం. యుద్ధకాండలోని క్రమాన్ని వారు ఎరిగి ఉండకపోవచ్చు గాని ఆచరణలో దానినే పాటించారు.

అయినా రాయడం మంచిది కాదని దీని అర్థం కాదు. రాసే పనిలో ఎదురయ్యే సంకటం మరొకటి ఉంది, అది సాహిత్య శిక్షణలోనే పుడుతుంది. సృజనాత్మక రచన నేర్పే తరగతుల్లో విద్యార్థి తన రచనను తోటివారి ముందు చదువుతాడు, వారు దాన్ని విమర్శిస్తారు. ఆ విమర్శలో ఎక్కువగా వినిపించే సూచన, విశేషాలు ఇంకా కావాలని. ఊరి పేరేమిటి, నది ఎటు పారుతుంది, చెంప మీది మచ్చ ఎలా వచ్చింది, తల్లి ఏ పాట పాడేది అని అడుగుతారు. కల్పిత పాత్రకు ప్రాణం పోసే ఈ విశేషాలే, బ్రతికి ఉన్న మనిషిని పోల్చుకోవడానికి అతని శత్రువులకూ, స్వదేశపు పోలీసులకూ, అతని దరఖాస్తును పరిశీలించే అధికారికీ ఆనవాళ్లు అవుతాయి. మచ్చ గురించి ఒక కథలో ఒక విధంగా, అర్జీలో మరొక విధంగా ఉంటే ఆ వ్యత్యాసం అర్జీదారునికే చేటు తెస్తుంది. కథను మంచి కథగా చేసేదీ మనిషిని ప్రమాదంలో పడవేసేదీ ఒకటే అయిన ఈ స్థితి కళకు సంబంధించిన చిన్న ఇబ్బంది కాదు. అది విద్యార్థి తన కళనే తగ్గించుకోవలసిన సందర్భం.

ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో మొదలైన 'రెఫ్యూజీ టేల్స్' అనే ఉద్యమం ఈ సంకటానికి ఒక రూపంలో జవాబు వెదికింది. విమానాశ్రయాల సమీపంలోని నిర్బంధ కేంద్రాల్లో ఉంచిన వలసదారులను పరామర్శించే గాట్విక్ డిటైనీస్ వెల్ఫేర్ గ్రూప్, కెంట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, కవి డేవిడ్ హెర్డ్ తదితరులు కలిసి 2015 వేసవిలో డోవర్ నుంచి కాంటర్‌బరీ మీదుగా క్రాలీ వరకు, శరణార్థులతో పాటు కాలినడకన సాగిన యాత్రను నిర్వహించారు. ఇంగ్లీషు కవి చాసర్ కావ్యంలో యాత్రికులు దారిలో కథలు చెప్పుకొన్నట్లే ఈ యాత్రలో ప్రతి మజిలీలోనూ కథలు చదివారు. వలస నిర్బంధానికి గరిష్ఠ గడువేదీ చట్టంలో నిర్ణయించని బ్రిటన్ విధానానికి వ్యతిరేకంగా సాగిన యాత్ర అది. 2016లో వచ్చిన తొలి సంపుటంలో అలీ స్మిత్, అబ్దుల్‌రజాక్ గుర్నా వంటి రచయితల కథలున్నాయి. వాటికి నిర్బంధితుని కథ, వచ్చినవాని కథ వంటి శీర్షికలు పెట్టి, చెప్పినవారి పేరు దాచి, ఈ కథ ఫలానా రచయితకు చెప్పబడినదని పేర్కొన్నారు. రచయిత సృష్టికర్త కాడు, శ్రోత అన్న ఒప్పుకోలు ఆ చిన్న వాక్యంలో ఉంది. అయితే పేరు దాచడం వల్ల చెప్పినవారికి రక్షణ దొరికినట్లే, అట్ట మీద కీర్తి రాసినవారికే దక్కుతుందన్న విమర్శనూ తోసిపుచ్చలేము. తరువాతి సంపుటాల్లో నిర్బంధాన్ని అనుభవించినవారు తామే చెప్పిన కథలు చేరడం ఆ విమర్శకు సరైన దిశలో వేసిన అడుగు.

శ్రోత స్థానాన్ని స్పష్టంగా నిర్వచించే భావన ధర్మశాస్త్రాల్లో ఉంది. మనుస్మృతి చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాల్లో, అంటే రాజసభకు వచ్చే వివాదాల తరగతుల్లో, రెండవది నిక్షేపం, మూడవది అస్వామివిక్రయం. నమ్మకంతో ఒకరి దగ్గర దాచుకొన్న వస్తువు నిక్షేపం. లోపల ఏముందో చెప్పకుండా మూసి ముద్రవేసి అప్పగించినది ఉపనిధి, దాన్ని ఇచ్చినది ఇచ్చినట్లే తిరిగి ఇవ్వాలని యాజ్ఞవల్క్య స్మృతి విధించింది. దాచుకొన్నవాడు బ్రతికి ఉండగా అతని వస్తువును దగ్గరి బంధువుకైనా ఇవ్వరాదని మనువు అంటాడు. సొంతం కాని దాన్ని యజమాని పరోక్షంలో అమ్మడం అస్వామివిక్రయం. నమ్మి దాచిన పరుల సొమ్మును అమ్మడం కూడా ఇందులోకే వస్తుందని నారదస్మృతి స్పష్టం చేసింది. వర్ణభేదాల మీద నిలిచిన ఈ గ్రంథాల సమాజ దృష్టిని ఇప్పుడెవరూ అంగీకరించనవసరం లేదు; నమ్మకానికి సంబంధించి అవి చేసిన సూక్ష్మమైన విచారణ మాత్రం నేటికీ పనికివస్తుంది.

శరణార్థి విద్యార్థికి చెప్పిన కథ దానం కాదు, విక్రయం అంతకన్నా కాదు, అది నిక్షేపం. దీన్ని ఒప్పుకొంటే పలు సందేహాలు తేలిపోతాయి. దానమిచ్చినదాన్ని తిరిగి అడగరాదు. నిక్షేపాన్ని ఎప్పుడైనా అడగవచ్చు. ఇరవై ఏళ్ల వయసులో, ఈ విద్యార్థి మూలంగా తన అర్జీకి మేలు కలుగుతుందేమోనన్న ఆశతో సమ్మతించిన మనిషి, పదిహేనేళ్ల తరువాత తన పిల్లలు చదువుతారన్న వెరపుతో వద్దనవచ్చు. సంతకం చేసిన పత్రం చూపించి అతని నోరు మూయించడం నిక్షేపాన్ని ఎగవేయడంతో సమానం. బంధువుకు కూడా ఇవ్వరాదన్న నియమం ప్రకారం, ఒక శరణార్థి కథను ప్రచురించడానికి అదే దేశం నుంచి వచ్చిన మరొకరి అనుమతో, సంఘ నాయకుని అనుమతో చాలదు. కథకు బంగారానికి ఉన్న భేదం కూడా ఇక్కడ చెప్పవలసిందే: బంగారం చేతులు మారితే యజమానికి దూరమవుతుంది, కథ ఎందరికి చెప్పినా చెప్పినవాని దగ్గరే ఉంటుంది. ఈ భేదం వల్ల విద్యార్థి బాధ్యత తేలిక కాదు. అపహరణ జరిగినట్లు యజమానికి తెలియనే తెలియదు గనుక అది మరింత బరువెక్కుతుంది.

దీనికి అలంకారశాస్త్రం నుంచి బలమైన ఆక్షేపణ రాగలదు. క్రౌంచ పక్షి మరణం చూసిన వాల్మీకి శోకమే శ్లోకమైందని ఆనందవర్ధనుడు చెప్పగా, ఆ శోకం ఋషి సొంత దుఃఖం కాదని, అది ఎవరిదన్న ఎల్లలు చెరిగిపోయి రసమైందని అభినవగుప్తుడు వివరించాడు. ఒకరి అనుభవం వ్యక్తి, దేశ, కాల పరిమితులు విడిచి అందరి అనుభవంగా మారడాన్ని సాధారణీకరణం అంటారు. అలా అయితే ఒక శరణార్థి దుఃఖం కావ్యంలో అందరిదీ అవుతుంది గదా, ఇక యాజమాన్యం ప్రశ్న ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. ఈ ఆక్షేపణలో సత్యం ఉంది. కరుణరసం లేని సాహిత్యం ఎవరినీ కదిలించదు. కాని అందరిదీ అయిన దుఃఖానికి చిరునామా ఉండదు, అర్జీ సంఖ్య ఉండదు, వాయిదా తేదీ ఉండదు. బ్రతికి ఉన్న శరణార్థికి ఇవన్నీ ఉంటాయి. ఐదవ శతాబ్దంలో సింహళంలో 'విశుద్ధిమార్గం' రచించిన బుద్ధఘోషుడు చేసిన విభజన ఇక్కడ అవసరమవుతుంది. మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాల్లో ప్రతిదానికీ దూరపు శత్రువు ఒకటి, దగ్గరి శత్రువు ఒకటి ఉంటాయని ఆయన చెప్పాడు. కరుణకు దూరపు శత్రువు హింస, దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు లౌకికమైన దుఃఖం, కరుణలాగే కనిపించడం వల్ల అది పట్టుబడదు. శరణార్థిని కలిసి వచ్చి, ఆ రాత్రి తాను ఎంత చలించిపోయాడో మూడు పుటలు రాసిన విద్యార్థి, నిజాయితీగానే రాసి ఉన్నా, ఈ దగ్గరి శత్రువుకు చిక్కి ఉండవచ్చు. ఆ మూడు పుటల్లో కేంద్రం మారిపోయింది.

కేంద్రం మారకుండా నిలపగల అభ్యాసమేదో సిమోన్ వే చెప్పారు. యూదు కుటుంబంలో పుట్టిన ఈ ఫ్రెంచి తత్త్వవేత్త 1942లో తల్లిదండ్రులతో మార్సే నగరం విడిచి తానే ప్రవాసి అయి, 1943 ఆగస్టులో కెంట్‌లోని ఆష్‌ఫర్డ్ పట్టణంలో, ముప్పైనాలుగేళ్ల వయసులో కన్నుమూశారు. చదువుకూ దైవప్రేమకూ గల సంబంధం గురించి ఆమె 1942లో రాసిన వ్యాసంలో, రేఖాగణితం లెక్క తప్పిపోయినా దాని మీద పెట్టిన అవధానం వృథా కాదని, బాధలో ఉన్న తోటి మనిషి వైపు చూడటానికి కావలసిన శక్తి అదేనని ప్రతిపాదించారు. ఆమె దృష్టిలో అవధానం అంటే కండరాలు బిగించి చేసే ప్రయత్నం కాదు. తన ఆలోచనలను పక్కకు పెట్టి, మనసును ఖాళీగా ఉంచి, ఎదుటి మనిషిని ఉన్నది ఉన్నట్లుగా లోనికి రానివ్వడం. ఏ బాధ పడుతున్నావని అడగగలగడమే పొరుగువాని మీది ప్రేమకు సారమని ఆమె భావించారు. ఈ ప్రశ్న నలభై ప్రశ్నల్లో లేదు, మైందుడి ప్రశ్నల్లోనూ లేదు, ఎందుకంటే దీనికి వచ్చే జవాబుతో అడిగినవాడు తేల్చవలసింది ఏమీ లేదు. విశ్వవిద్యాలయం విద్యార్థిని శరణార్థి వద్దకు పంపడానికి సమర్థనీయమైన కారణం ఒక్కటే కనిపిస్తుంది: కథ తేవడం కోసం కాదు, ఈ అవధానం అలవడటం కోసం.

అడిగినా చెప్పకపోవడం శరణార్థి హక్కు. 1964 విప్లవానంతరం జాంజిబార్ విడిచి బ్రిటన్ చేరి, కెంట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 2021లో నోబెల్ పొందిన గుర్నా, 2001 నాటి 'బై ది సీ' నవలలో సాలిహ్ ఒమర్ అనే వృద్ధుణ్ణి సృష్టించాడు. ఇంగ్లీషు బాగా వచ్చినా రానట్లు నటించమన్న సలహా పాటించి, గాట్విక్ విమానాశ్రయంలో అతడు శరణు కోరే మాట తప్ప మరేమీ పలకడు. అధికారి అతని సంచి వెదికి, ఎంతో విలువైన అగరు ధూపం ఉన్న పెట్టెను తనకోసం తీసుకొంటాడు. మౌనం అతడు దాచుకోగలిగినది, పెట్టె దాచుకోలేనిది. యూదు శరణార్థిగా అమెరికా చేరిన హన్నా ఆరెంట్ 1943లో ప్రచురించిన వ్యాసంలో, కొత్తగా వచ్చినవారు శరణార్థులనిపించుకోవడానికే ఇష్టపడరనీ, గతాన్ని మరవమని అందరూ చెప్పగా ఎవరూ ఊహించనంత వేగంగా మరచినట్లు కనిపించారనీ రాశారు. ఇలా మరచినట్లున్న మనిషిని తట్టి లేపి చెప్పించుకోవడం సాహిత్య సేవగా భావించే విద్యార్థికి, ఆ మరపు కూడా ఆ మనిషి కట్టుకొన్న ఆశ్రయమేనని తెలియాలి.

విద్యార్థి రచనకు వేసే మార్కుల విషయం కూడా ఇక్కడ చిన్నది కాదు. రచనను మాత్రమే చూసి మార్కులు వేసే పద్ధతిలో, చెప్పినవారి కోరిక మేరకు మంచి ఘట్టాన్ని తీసివేసిన విద్యార్థి నష్టపోతాడు, తీసివేయనివాడు లాభపడతాడు. ధర్మం పాటించినందుకు శిక్ష పడుతుంది. రాసినదాన్ని చెప్పినవారి భాషలో వారికే చదివి వినిపించారా, వారు వద్దన్న చోట ఏం చేశారు, వస్తువును కల్పనగా మార్చినప్పుడు ఎందుకు మార్చారు అన్న వివరాలతో విద్యార్థి రాసుకొనే నివేదికకు రచనతో సమానంగా విలువ ఇవ్వాలి. తీసివేసిన ఘట్టం ఆ నివేదికలో కూడా ఉండకూడదు.

తెలుగు నేలకు ఈ చర్చ దూరమైనది కాదు. రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లడమంటే బతుకుతెరువు వెదుక్కోవడమని ఒకప్పుడు ఉత్తరాంధ్ర, గోదావరి ఊళ్లలో అందరికీ తెలుసు. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు లక్షలాది భారతీయులతో పాటు అక్కడికి వెళ్లిన తెలుగు కుటుంబాలు అరకాన్, అస్సాం అడవుల గుండా నడిచి వచ్చాయి. 1962లో సైన్యం అధికారం చేజిక్కించుకొని వ్యాపారాలను జాతీయం చేసిన తరువాత మరెందరో కట్టుబట్టలతో తిరిగివచ్చారు. వారు చట్టరీత్యా స్వదేశానికి వచ్చినవారే గాని, అక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు ఇది తెలియని దేశం. అదే బర్మా 1982 పౌరసత్వ చట్టంతో ఏ దేశ పౌరులూ కాకుండా చేసిన రోహింగ్యాలు ఇప్పుడు హైదరాబాదు శివార్లలోని బాలాపూర్ ప్రాంతంలో వేల సంఖ్యలో ఉన్నారు. భారత్ 1951 ఒడంబడికపై సంతకం చేయలేదు గనుక వారికి శరణార్థులుగా చట్టబద్ధమైన హోదా లేదు, చెప్పిన ప్రతి మాటా వారికి ప్రమాదం తేగలదు. బాలాపూర్ వెళ్లదలచిన తెలుగు విద్యార్థి ముందు తన ఇంట్లోనో తన వీధిలోనో ఉన్న బర్మా కుటుంబపు వృద్ధుల దగ్గర కూర్చోవడం న్యాయం. అక్కడ భాష ఒకటే, ప్రమాదం తక్కువ. అయినా నిక్షేప నియమాలు సడలవు, నాయనమ్మ చెప్పవద్దన్నదాన్ని మనవడైనా రాయరాదు. 1942లో పెద్దల వేలు పట్టుకొని నడిచిన పిల్లల్లో మిగిలినవారికి ఇప్పుడు తొంభై ఏళ్లకు అటూ ఇటుగా ఉంటాయి, 1962 తరువాత బర్మా నుంచి వచ్చి ఓడ దిగిన పిల్లలు డెబ్బైలకు అటూ ఇటుగా ఉన్నారు.